సూరత్ శ్రామికుల నలుపు-తెలుపు చిత్రాలు: ముఖం కింద పేరు ఎందుకు ముఖ్యం?

దేశమంతటా అమ్ముడుపోయే సింథటిక్ చీరలకు పుట్టినిల్లు సూరత్. ఆ చీరల మీది గులాబీ, నారింజ, నెమలికంఠం రంగులకు అలవాటుపడిన కళ్లకు అక్కడి మరమగ్గాల షెడ్డు వింతగా కనిపిస్తుంది. చాలా షెడ్లలో రంగు అన్నదే ఉండదు. మగ్గం నుంచి దిగేది అద్దకం పడని ముడిబట్ట. వ్యాపారులు దాన్ని ‘గ్రే’ అనే పిలుస్తారు. పాండేసరా, సచిన్ వంటి పారిశ్రామికవాడల్లోని అద్దకపు మిల్లులకు చేరాకనే దానికి రంగు వస్తుంది. షెడ్డులో మిగిలేవి తెల్లని నూలు, నల్లని ఇనుము, నూనె మరకలు, గాలిలో తేలే పోగుల నుసి, ట్యూబులైటు కింద నిలబడిన మనిషి.

శ్రామికుల రూపచిత్రాలు తీసేవారు ఇప్పటికీ నలుపు-తెలుపును ఎందుకు ఎంచుకుంటారన్న ప్రశ్నకు సూరత్‌లో ఒక సహజమైన సమాధానం ఇలా దొరుకుతుంది. అయితే ఆ సమాధానం సగమే. ఈ తరహా ఛాయాచిత్రణ చరిత్రను గమనిస్తే అసలు వివాదం రంగు గురించి కాదని తేలుతుంది. చిత్రంలోని మనిషి ఎవరు, అతని పేరు ఎవరు రాశారు, ఆ రాత వల్ల అతనికి మేలు జరిగిందా, కీడు జరిగిందా అన్నదే దాదాపు 100 ఏళ్లుగా తేలని ప్రశ్న.

కార్డు మీది ఫొటో, గోడ మీది ఫొటో

సూరత్ మగ్గాలను నడిపేవారిలో అధికులు వలస వచ్చినవారే. ఒడిశాలోని గంజాం జిల్లా, ఉత్తరప్రదేశ్, బిహార్, మహారాష్ట్రలోని ఖాందేశ్ ప్రాంతం నుంచి వచ్చినవారితోపాటు తెలుగువారు కూడా గణనీయంగా ఉన్నారు. పూర్వపు కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల పద్మశాలి కుటుంబాలు చేతిమగ్గం కూడు పెట్టని రోజుల్లో షోలాపూర్, భివండీ, ముంబయి, సూరత్ దారి పట్టాయి. సూరత్‌లోని లింబాయత్ ప్రాంతం ఆ వలసకు ఒక ముఖ్య కేంద్రం. నగరపాలక సంస్థ పాఠశాలల్లో గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా మాధ్యమాలతోపాటు తెలుగు మాధ్యమం కూడా ఉండటమే ఈ వలస ఎంత పాతదో, ఎంత పెద్దదో చెబుతుంది. సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచా అంటారు. ఆ సాంచాల మోత మధ్య పెరిగినవారికి సూరత్ షెడ్డు కొత్తగా అనిపించదు.

ఇలాంటి ఒక నేత కార్మికుడి జీవితంలో ఎన్ని ఛాయాచిత్రాలు ఉంటాయి? పెళ్లి ఫొటోలు ఉంటాయి. సెల్‌ఫోన్ వచ్చాక పండుగ ఫొటోలు, సెల్ఫీలు చేరాయి. కానీ అతన్ని ఒంటరిగా, ఎదురుగా, నిశ్చలంగా నిలబెట్టి తీసిన చిత్రం చాలామందికి ఒక్కటే. అది ఆధార్, రేషను, ఓటరు కార్డుల్లో ఏదో ఒకదాని మీదిది. కార్డు మీది ఆ ముఖం ప్రభుత్వం గుర్తుపట్టడానికి తీసినది. అందులో పనీ ఉండదు, పనిచేసే చోటూ ఉండదు. ఆ మనిషి చనిపోతే తరచూ ఆ చిన్న ఫొటోనే స్టూడియోలో పెద్దది చేయించి, పటం కట్టించి, దండ వేసి గోడకు తగిలిస్తారు. జీవితమంతా బట్ట నేసిన మనిషి చివరికి మగ్గం ఆనవాలు కూడా లేని నీలిరంగు తెర ముందు మిగిలిపోతాడు.

శ్రామికుల డాక్యుమెంటరీ రూపచిత్రం పూరించాలనుకునేది ఈ ఖాళీనే. మనిషి తనను చిత్రిస్తున్నారని తెలిసి, కెమెరావైపు చూస్తూ, తన పనిముట్టు పక్కన, తన పనిచోటులో నిలబడతాడు. దొంగచాటుగా తీసిన వీధి చిత్రానికీ దీనికీ తేడా ఆ ఎరుకలోనే ఉంది.

గుంపు నుంచి ఒక మనిషి

దక్షిణ గుజరాత్ శ్రామికుల గురించి లోతుగా రాసిన పరిశోధకుల్లో నెదర్లాండ్స్‌కు చెందిన సామాజిక శాస్త్రవేత్త యాన్ బ్రేమన్ ముందువరుసలో ఉంటారు. 1960ల తొలినాళ్లలో ఈ ప్రాంతపు పల్లెలకు వచ్చిన ఆయన దశాబ్దాల పాటు మళ్లీ మళ్లీ తిరిగివచ్చారు. చెరకు కోత, ఇటుక బట్టీలు, రాతి క్వారీలు, సూరత్ మరమగ్గాలు, వజ్రాల సానపట్టే కార్ఖానాలు ఆయన అధ్యయన క్షేత్రాలు. 1996లో వెలువడిన ఆయన గ్రంథం ‘ఫుట్‌లూజ్ లేబర్’ అసంఘటిత శ్రామికులపై ప్రామాణిక రచనగా నిలిచింది.

అంత రాసిన తర్వాత కూడా ఆయన కెమెరా సాయం కోరడం గమనించదగినది. అరవింద్ నారాయణ్ దాస్‌తో కలిసి రాసిన ‘డౌన్ అండ్ అవుట్’ అనే పుస్తకం 2000లో వెలువడింది. అందులోని ఛాయాచిత్రాలు ఢిల్లీకి చెందిన రవి అగర్వాల్‌వి. 2002లో జర్మనీలోని కాసెల్ నగరంలో జరిగిన డాక్యుమెంటా 11 కళాప్రదర్శనలో ఆయన ఈ కృషితో పాల్గొన్నారు. దక్షిణ గుజరాత్ కూలీల ముఖాలు ప్రపంచంలోని అతి పెద్ద సమకాలీన కళావేదికల్లో ఒకదానికి అలా చేరాయి. ఆ తర్వాత బ్రేమన్ ఛాయాచిత్రకారుడు పార్థివ్ షాతో కలిసి మూతపడిన అహ్మదాబాద్ బట్టల మిల్లుల కార్మికులపై మరో పుస్తకం తెచ్చారు. అది 2004 నాటిది.

గణాంకాలు, ఇంటర్వ్యూలు చేతిలో ఉన్న పండితుడికి బొమ్మ ఎందుకు అవసరమైంది? శ్రామికుడు వార్తల్లోకి ఎప్పుడు వస్తాడో చూస్తే జవాబు దొరుకుతుంది. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ వేళ సూరత్‌లోని లస్‌కాణా ప్రాంతంలో వలస కార్మికులు వీధుల్లోకి వచ్చారు. బకాయి జీతాలు ఇవ్వాలని, తమను ఊళ్లకు పంపాలని కోరారు. ఆ రాత్రి దృశ్యాలు దేశమంతా చూసింది. మంటలు కనిపించాయి, పోలీసులు కనిపించారు, గుంపు కనిపించింది. 2021 జనవరిలో సూరత్ జిల్లా కోసంబా సమీపంలో రోడ్డు పక్కన నిద్రిస్తున్న కూలీల మీదుగా లారీ దూసుకెళ్లి 15 మంది మరణించారు. వారిలో అత్యధికులు రాజస్థాన్‌లోని బాంస్‌వాడా నుంచి వచ్చినవారు. అప్పుడు అంకె కనిపించింది. గుంపుగానో, అంకెగానో తప్ప ఒక మనిషిగా కనిపించే సందర్భం శ్రామికుడికి అరుదు. ఆ గుంపులోంచి ఒకరిని పక్కకు పిలిచి, పేరు అడిగి, ఎదుట నిలబెట్టడమే రూపచిత్రం చేసే పని.

షెడ్డులో వెలుతురు

ఆ పని ఎంత కష్టమో షెడ్డులోకి వెళితే తెలుస్తుంది. సూరత్ మరమగ్గాలు సాధారణంగా 12 గంటల చొప్పున రెండు షిఫ్టుల్లో నడుస్తాయి. మోత 100 డెసిబెల్స్‌కు పైమాటే. పక్కన నిలబడిన మనిషి మాట వినిపించదు. చాలా సంగతులు సైగలతోనే జరిగిపోతాయి. అటువంటి చోట, ‘మీ ఫొటో తీయవచ్చా, ఎందుకు తీస్తున్నానంటే...’ అన్న సంభాషణ అసాధ్యం. ఒప్పుకోలు అడగవలసిన స్థలం షెడ్డు కాదు, షిఫ్టు మారే వేళ వీధి చివరి టీ కొట్టు. బాధ్యత తెలిసిన ఛాయాచిత్రకారుడు కెమెరా బయటకు తీయకముందే రెండు మూడు సార్లు అక్కడ కూర్చుని ఉంటాడు.

డబ్బు మాట కూడా ఉంది. నేత కార్మికుడికి కూలి మీటరు లెక్కన వస్తుంది. ఒక్కొక్కరు ఒకేసారి అనేక మగ్గాలను చూసుకుంటారు. అతను కెమెరా ముందు కదలకుండా నిలబడిన రెండు నిమిషాల్లో వెనుక మగ్గం మీద పోగు తెగితే ఆ నష్టం అతనిదే. చిత్రం కోసం డబ్బు ఇవ్వరాదన్నది పత్రికా సంప్రదాయం. అది సబబే, కానీ మీటరు కూలి మనిషిని పనివేళలో నిలబెట్టడం కూడా ఉచితం కాదని ఆ సంప్రదాయం మరచిపోతుంది. షిఫ్టు దిగాక తీయడం, లేదా అతను పనిచేస్తూనే ఉండగా ఓపిగ్గా ఎదురుచూడటం తప్ప న్యాయమైన మార్గం మరొకటి కనిపించదు.

ఇక వెలుతురు. మన విద్యుత్తు 50 హెర్ట్జ్‌ది కనుక పాతకాలపు ట్యూబులైటు సెకనుకు 100 సార్లు మినుకుతుంది. కంటికి తెలియదు కానీ షట్టరు మరీ వేగంగా ఉంటే చిత్రంలో చారలు పడతాయి. సెకనులో 50వ వంతు దగ్గర తీస్తే చారలు ఉండవు. ఆ వేగంలో మగ్గం కదలిక అలుక్కుపోతుంది, కదలక నిలబడిన మనిషి మాత్రం స్పష్టంగా వస్తాడు. ఫ్లాష్ వేస్తే గాలిలోని పోగుల నుసి వెలుగును వెనక్కి కొట్టి చిత్రమంతా తెల్లచుక్కలు చేస్తుంది. రంగు ఫిల్మ్ మీద ట్యూబులైటు ముఖాలకు పచ్చని జబ్బు ఛాయ తెచ్చేది. చీకటి షెడ్లలో నలుపు-తెలుపు ఫిల్మ్‌కు కళతోపాటు ఈ అవసరం కూడా తోడైంది. తక్కువ వెలుతురులోనూ పనిచేసే వేగం దానికి ఉండేది, చిన్న గదిలో సొంతంగా కడుక్కోవచ్చు, ఖర్చూ తక్కువే.

వజ్రాల కార్ఖానాలో పరిస్థితి వేరు. సానపట్టే చక్రాన్ని అక్కడ ఘంటీ అంటారు. దాని చుట్టూ కూర్చున్నవారి ముఖం మీద చక్రం దగ్గరి దీపం కింది నుంచి పడుతుంది. ఆ వెలుగులో కనుబొమలు, చెంపలు మాత్రమే లేచి కనిపిస్తాయి. చిత్రానికి అది సులువు, నాటకీయం కూడా. సులువుగా దొరికే నాటకీయతను కాస్త అనుమానించాలి.

చర్మపు ఛాయ గురించి ఒక మాట చెప్పక తప్పదు. తొలితరం ఆర్థోక్రొమాటిక్ ఫిల్మ్‌లకు ఎరుపు కనిపించేది కాదు. అందువల్ల గోధుమరంగు ముఖాలు ఉన్నదానికంటే నల్లగా వచ్చేవి. రంగు ఫిల్మ్ వచ్చాక కూడా కొడాక్ సంస్థ ప్రింటింగ్ ల్యాబులకు పంపిన నమూనా కార్డుల మీద చాలాకాలం తెల్లజాతి యువతులే ఉండేవారు. రంగుల సమతూకం వారి చర్మాన్ని బట్టి కుదిరేది. నేటి డిజిటల్ కెమెరా మొదట రంగుల్లోనే చిత్రిస్తుంది. ఆ తర్వాత కంప్యూటరులో దాన్ని నలుపు-తెలుపుగా మారుస్తారు. ఆ మార్పిడిలో ఎరుపును పెంచితే గోధుమరంగు ముఖం వెలుగుతుంది, ముడతలు తగ్గుతాయి. ఎరుపును తగ్గించి నీలాన్ని పెంచితే ముఖం నల్లబడుతుంది, ప్రతి గీత, ప్రతి మచ్చ లేచి నిలుస్తుంది. శ్రామికుడి ముఖాన్ని ఉన్నదానికంటే నలుపుగా, ముదురుగా, దీనంగా చూపే చిత్రాలు పోటీల్లో తరచూ మెప్పు పొందుతాయి. అక్కడ మనం చూసేది ఆ మనిషి జీవితం కాదు, కంప్యూటరులో ఎవరో జరిపిన ఒక మీట.

నలుపు-తెలుపు చేసే మరో మోసం కాలానికి సంబంధించినది. నిన్న తీసిన చిత్రం కూడా 1930ల నాటిదిలా కనిపిస్తుంది. సూరత్‌లో ఇప్పుడు వాటర్‌జెట్ మగ్గాలు వచ్చాయి. కార్మికుడి జేబులో స్మార్ట్‌ఫోన్ ఉంది, కూలి అతని బ్యాంకు ఖాతాలోనూ పడవచ్చు. అతన్ని గతకాలపు మనిషిగా చూపితే అతని కష్టం కూడా గడిచిపోయిన కథలా తోస్తుంది. చిత్రం కింద తేదీ రాయడం అందుకే తప్పనిసరి.

పేరు లేని ప్రఖ్యాతి

చిత్రం కింద రాత ఎంత ముఖ్యమో చరిత్ర పదేపదే చెప్పింది. బ్రిటిష్ ప్రభుత్వం 1868 నుంచి 1875 వరకు 8 సంపుటాలుగా వెలువరించిన ‘ద పీపుల్ ఆఫ్ ఇండియా’లో వందలాది భారతీయుల ఛాయాచిత్రాలు ఉన్నాయి. వాటిలో ఎక్కువ చిత్రాల కింద ఉన్నది మనిషి పేరు కాదు, కులం పేరో తెగ పేరో. 1857 తిరుగుబాటు తర్వాత పాలితులను వర్గాలుగా గుర్తుపెట్టుకోవాలనుకున్న ప్రభుత్వానికి అంతవరకు చాలు.

జర్మనీలో ఆగస్ట్ సాండర్ ఉద్దేశం వేరు. రైతు, వంటవాడు, ఇటుకలు మోసే కూలీ, నోటరీ అందరినీ ఒకే గౌరవంతో ఎదుట నిలబెట్టి చిత్రించి, 1929లో 60 రూపచిత్రాల పుస్తకం తెచ్చారు. తాము కోరుకున్న జాతి ముఖం అందులో కనబడని నాజీలు 1936లో దాని ముద్రణ పలకలను ధ్వంసం చేశారు. సాండర్ చిత్రాల కింద కూడా సాధారణంగా వృత్తి పేరే ఉంటుంది. ఆయనకు కావలసింది సమాజం మొత్తం, అందులో ఒక్కొక్కరు ఒక్కో నమూనా.

అమెరికాలో లూయీ హైన్ ఇందుకు భిన్నంగా నడిచారు. 1908 నుంచి జాతీయ బాలకార్మిక సంఘం తరఫున నూలు మిల్లుల్లో, గనుల్లో పనిచేసే పిల్లలను చిత్రించిన ఆయన వీలైనచోటల్లా పేరు, వయసు, ఊరు, పని రాసుకున్నారు. పిల్లల ఎత్తును తన కోటు గుండీలతో పోల్చి అంచనా వేసేవారని చెబుతారు. యజమాని ‘ఇక్కడ పిల్లలు లేరు’ అంటే ఆ రాత సాక్ష్యంగా నిలిచింది. చిత్రం జాలి పుట్టించి ఉండవచ్చు. చట్టసభ ముందు వాదన నిలిపింది మాత్రం కింది పంక్తి.

ఇందుకు పూర్తిగా ఎదురైన ఉదాహరణ 1936 మార్చిలో డొరోతియా లాంగ్ కాలిఫోర్నియాలోని నిపోమో శిబిరంలో తీసిన ‘మైగ్రెంట్ మదర్’. ప్రపంచంలో అత్యధికంగా అచ్చయిన చిత్రాల్లో అదొకటి. అందులోని తల్లి పేరు లాంగ్ అడగలేదు. ఫ్లారెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అన్న పేరు లోకానికి తెలిసింది 1978లో, అంటే 42 ఏళ్ల తర్వాత. ఆ చిత్రం వల్ల తనకు ఒరిగింది ఏమీ లేదని ఆమె బాధపడ్డారు. దేశానికి పేదరికపు ముఖంగా మారిన మనిషికి తన ముఖం మీదే హక్కు లేకపోయింది.

1993లో ‘వర్కర్స్’ అనే మహా సంకలనం తెచ్చిన బ్రెజిల్ ఛాయాచిత్రకారుడు సెబాస్టియావ్ సల్గాడో మీద వచ్చిన విమర్శ కూడా ఈ చర్చకు చెందినదే. ధన్‌బాద్ బొగ్గు కార్మికులు సహా ఎన్నో దేశాల శ్రామికులు ఆ పుస్తకంలో ఉన్నారు. కష్టాన్ని మరీ అందంగా చూపుతారని ఆయనను చాలామంది తప్పుపట్టారు. అమెరికన్ రచయిత్రి సుసాన్ సొంటాగ్ 2003లో మరింత సూటైన అభ్యంతరం చెప్పారు. సల్గాడో చిత్రాల్లోని బలహీనుల పేర్లు కింది రాతల్లో ఉండవని, ప్రసిద్ధులకు మాత్రమే పేరు దక్కి మిగిలినవారు తమ వృత్తికో దుస్థితికో ఉదాహరణలుగా మిగిలిపోతారని ఆమె వాదన. అందం గురించిన విమర్శ కంటే ఇది బరువైనది.

పేరు రాస్తే?

అయితే పేరు రాస్తే చాలని అనుకోవడం సూరత్‌లో కుదరదు. మరమగ్గాల కార్మికుల్లో అత్యధికులకు నియామక పత్రం ఉండదు. పనిలో ఉన్నాడనడానికి రుజువు లేనివాడిని పనిలోంచి తీసేయడానికి నోటీసు కూడా అక్కరలేదు. కూలి తక్కువని, వినికిడి పోయిందని, గదిలో పగటి షిఫ్టువారు, రాత్రి షిఫ్టువారు ఒకే పరుపును వంతులవారీగా వాడుకుంటున్నామని చెప్పిన కార్మికుడి పేరు, ముఖం, షెడ్డు చిరునామా ఒక్కచోట అచ్చయితే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. గౌరవం కోసం రాసిన పేరు ఉపాధిని తీసేయవచ్చు. పేరు లేకపోతే అతను నమూనా, పేరుంటే అతను దొరికిపోయిన మనిషి.

దీనికి ఒకే సూత్రం లేదు. కానీ పాటించదగిన తేడాలు ఉన్నాయి. పేరు, సొంత ఊరు, పని, తేదీ రాసి, షెడ్డు గుర్తులను వదిలేయవచ్చు. ఫిర్యాదును ఒకచోట, ముఖాన్ని వేరొకచోట ఉంచవచ్చు. నిర్ణయం కార్మికుడిదై ఉండాలంటే అతనికి కెమెరా గురించి కాక, చిత్రం ఎక్కడ అచ్చవుతుందో, ఎవరెవరు చూస్తారో చెప్పాలి. షెడ్డు యజమాని అనుమతి ఇచ్చాడన్నది కార్మికుడి అనుమతి కాదు. యజమాని పక్కన నిలబడి ఉండగా కార్మికుడు తల ఊపితే అది కూడా కాదు.

మన దేశంలో ఈ దిశగా జరిగిన కృషికి పి. సాయినాథ్ ‘విజిబుల్ వర్క్, ఇన్విజిబుల్ విమెన్’ ప్రదర్శన మంచి ఉదాహరణ. 1993 నుంచి 2002 వరకు 10 రాష్ట్రాల్లో శ్రామిక స్త్రీలను ఆయన తీసిన నలుపు-తెలుపు చిత్రాలవి. ఆంధ్ర ప్రాంతపు ఇటుక బట్టీలో పనిచేసే ఒడిశా వలస కూలీలు కూడా వాటిలో ఉన్నారు. ఆ ప్రదర్శన ఆర్ట్ గ్యాలరీలకంటే బస్టాండ్లలో, రైల్వే స్టేషన్లలో, ఫ్యాక్టరీ గేట్ల వద్ద, వ్యవసాయ కూలీల సభల్లో ఎక్కువగా తిరిగింది. చిత్రంలో ఉన్నలాంటివారే చిత్రాన్ని చూశారు. ఆయన 2014లో ప్రారంభించిన ‘పరి’ వెబ్‌సైట్ ‘ఫేసెస్’ పేరిట జిల్లాల వారీగా సామాన్యుల ముఖాలను వారి వృత్తి, ఊరి వివరాలతో సేకరిస్తోంది. సూరత్‌లోని ఒడియా మగ్గం కార్మికుల బతుకుపై విపులమైన కథనాలూ అందులో వచ్చాయి. తెలుగునాట వరంగల్‌కు చెందిన భరత్ భూషణ్ దశాబ్దాల పాటు తెలంగాణ పల్లె స్త్రీలను, వారి పనిని, పండుగను, ఇళ్ల వాకిళ్లను చిత్రించి 2022 జనవరిలో కన్నుమూశారు. బయటినుంచి వచ్చి చూసినవాడి చూపు కాదు ఆయనది.

తీసిన చిత్రం కాపీ మనిషికి తిరిగి ఇవ్వడమన్న పాత మర్యాద మాత్రం సెల్‌ఫోన్ కాలంలో మరుగున పడుతోంది. వాట్సాప్‌లో పంపితే సరిపోతుందని అనుకుంటారు. ఫోన్ మారితే ఆ చిత్రం పోతుంది. కాగితం మీద అచ్చు వేసి ఇవ్వాలంటే కార్మికుడి సూరత్ గది చిరునామా ఆరు నెలలు నిలవకపోవచ్చు. అందువల్ల కవరు మీద ఊరి చిరునామా రాయించుకోవడమే మేలు. గ్రామం, మండలం, జిల్లా, తండ్రి పేరు రాస్తే తపాలా మనిషే వెతికి చేరుస్తాడు. కొడుకో భర్తో ఏళ్లుగా పనిచేస్తున్న మగ్గం ఎలా ఉంటుందో ఇంట్లోవారు మొదటిసారి చూడటం ఆ చిత్రంలోనే కావచ్చు.

చిత్రమేమిటంటే, ఊరికి పంపడానికని చెబితే చాలామంది షెడ్డులో నిలబడటానికి ఇష్టపడరు. నూనె మరకల బనియన్ విప్పి, ఉతికిన చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, తాపీ వంతెన మీదో చౌరస్తాలోనో తీయమంటారు. వీలైతే రంగుల్లోనే తీయమంటారు. ఛాయాచిత్రకారుడికి కావలసింది ఒకటి, చిత్రంలోని మనిషికి కావలసింది మరొకటి. ఇద్దరికీ న్యాయం జరగాలంటే రెండూ తీయాలి, కవరులో అతను కోరినదాన్ని ముందు పెట్టాలి.